ఎండాకాలం హిమాలయ ట్రెక్: బెంగళూరులో బయల్దేరే ముందే మంచునీ ఏటినీ అంచనా కట్టడం ఎలా

ఉగాది దాటిందంటే బెంగళూరులో మన తెలుగువాళ్ల మధ్య హిమాలయాల మాట మొదలవుతుంది. మేలో లీవు ఎన్ని రోజులు దొరుకుతుంది, ఏ ట్రెక్‌కి వెళ్దాం, అక్కడ మంచు ఉంటుందా? మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాళ్లయినా, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉండే సంసారులైనా అడిగేది ఇదే. మంచు ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ మంచు మీద మనం ఎన్ని గంటలకు నడుస్తాం, అది కరిగి పారే ఏటిని ఎన్ని గంటలకు దాటుతాం అన్నది మిగతా సగం. ప్రమాదాలన్నీ ఈ రెండో సగం దగ్గరే ఉన్నాయి.

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా హిమాలయాల్లో ఒకే వాలు రోజులో మూడు రకాలుగా ఉంటుంది. పొద్దున ఆరింటికి బూటు మొన కూడా దిగదు. తొమ్మిది, పదింటికి హాయిగా నడవనిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి మోకాలి దాకా దిగబడుతుంది. వాగు సంగతీ అంతే. తెల్లారుజామున పిక్కల లోతు ఉన్నది సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. అందుకే ఇంట్లో కూర్చుని సేకరించే సమాచారమంతా చివరికి ఒక గంటల పట్టికగా మారాలి. ఆ పట్టిక తయారయ్యే దాకా ఏం చేయాలో వరుసగా చెబుతాను.

ముందు ఏ కనుమ, ఏ వారం అన్నది తేల్చుకోండి

పశ్చిమ హిమాలయాల్లో మంచు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి మధ్య పడుతుంది. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే వాతావరణ అలలు, వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనేవి, దాన్ని తెస్తాయి. ఏప్రిల్, మే నెలల్లోనూ ఇవి అప్పుడప్పుడు వస్తాయి. కాబట్టి మేలో కొత్త మంచు పడటం వింతేమీ కాదు.

మంచు కింది నుంచి పైకి కరుగుతూ పోతుంది. కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. ఏప్రిల్ చివరికి అక్కడ చాలా ఏళ్లు అక్కడక్కడా మంచు పేరుకున్న మచ్చలే మిగులుతాయి. రూపిన్ పాస్ 4,650 మీటర్లు, బురన్ ఘాటీ 4,570 మీటర్లు. మే నెలంతా వాటి పై భాగం మంచులోనే ఉంటుంది. హంప్టా పాస్ 4,270 మీటర్లే అయినా జూన్ మధ్య దాకా మంచు దండిగా ఉండే ఏడాదులు ఉన్నాయి. అందుకే ముందు ఫ్లైటు టికెట్ కొనేసి, ఆ తేదీలకు సరిపడే ట్రెక్ వెతుక్కోవడం తలకిందుల పద్ధతి. మీకు మంచు మీద నడిచిన అనుభవం లేకపోతే, లీవు మేలోనే దొరికితే, ఎత్తయిన కనుమను వదిలేసి హర్ కీ దూన్ లాంటి లోయ దారి ఎంచుకోండి. అలాంటి చోటా వాగులుంటాయి గానీ, వెనక్కి తిరిగితే ఊరు చేరుకోవచ్చు. కనుమ దాటి అవతలి లోయలోకి దిగాక వెనక్కి రావడం అంత తేలిక కాదు.

ఫోటోలు చూసి నమ్మకండి. బ్రోషర్‌లో తెల్లగా మెరిసే వాలు ఏ ఏడాది, ఏ నెలలో తీసిందో ఎవరూ చెప్పరు.

మూడు వారాల ముందు: ఉపగ్రహ చిత్రం చూడండి

ఇది బెంగళూరు నుంచే చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది, పైగా ఉచితం. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి ఒకే చోటును ఫోటో తీస్తాయి. అందులో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటులో ఈ చిత్రాలన్నీ దొరుకుతాయి. నాసా వరల్డ్‌వ్యూలో రోజూ కొత్త చిత్రం వస్తుంది గానీ వివరం తక్కువ. లోయ మొత్తం ఎలా ఉందో చూడటానికి అది చాలు.

చేసే పద్ధతి ఇదీ. మ్యాప్‌లో మీ కనుమను వెతికి పట్టుకోండి. హంప్టా అయితే మనాలి నుంచి తూర్పుగా జరిగి జోబ్రా, చికా, బాలూ కా ఘేరా మీదుగా కనుమ దాకా, అక్కడి నుంచి సియాగోరు, ఛత్రు దాకా దారిని కంటితో అనుసరించండి. మబ్బు లేని తాజా తేదీని ఎంచుకోండి. మామూలు రంగుల చిత్రంలో మబ్బూ మంచూ రెండూ తెల్లగానే కనిపించి మోసం చేస్తాయి. అప్పుడు కంటికి కనపడని పరారుణ కాంతితో చూపించే ఎస్‌డబ్ల్యుఐఆర్ (SWIR) అనే లేయర్‌కి మారండి. అందులో మంచు నీలంగా మారుతుంది, మామూలు మబ్బులు తెల్లగానే మిగులుతాయి. ఇప్పుడు దారిలో మంచు ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు ఎత్తు రాసుకోండి. కనుమకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఈ రెండు అంకెలూ చాలాసార్లు ఒకేలా ఉండవు.

తర్వాత అదే తేదీకి పోయిన ఏడాది, అంతకు ముందటి ఏడాది చిత్రాలు తెరవండి. 2017 తర్వాతి ఏళ్లన్నిటికీ తగినన్ని దొరుకుతాయి. ఈ ఏడాది మంచు గీత నిరుటికంటే కిందికి ఉందంటే కరగడం ఆలస్యమైందని అర్థం. మీరు వెళ్లే వారానికి కనుమ మీద మంచూ ఎక్కువే, వాగుల్లో నీళ్లూ ఎక్కువే. గీత బాగా పైకి ఉందంటే వాలు మీద రాళ్లు తేలి ఉంటాయి, స్నో బ్రిడ్జ్‌లు, అంటే ఏటి మీద కప్పులా నిలిచిన మంచు వంతెనలు, కూలే దశలో ఉంటాయి. మంచు తక్కువైన ఏడాది అంటే సులువైన ఏడాది అని చాలామంది అనుకుంటారు. మంచు వంతెన మీదుగా దాటాల్సిన దారుల్లో ఇది సరిగ్గా తిరగబడుతుంది.

ఒక వారం ఆగి మళ్లీ చూడండి. గీత వారంలో ఎంత పైకి జరిగిందో తెలిస్తే మీరు చేరే రోజుకి ఎక్కడుంటుందో ఉజ్జాయింపుగా చెప్పగలరు. చిత్రంలో మంచు ఉందని తెలుస్తుంది, ఎంత మందంగా ఉందో తెలియదు. ఆ సంగతి కింద ఫోన్ దగ్గర తేల్చుకుందాం.

వాలు ఎంత నిటారు, ఎటు తిరిగి ఉంది

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి దారి మీద గీత గీసి, ఎలివేషన్ ప్రొఫైల్ చూపించమనండి. వాలును శాతంలో చెబుతుంది. 58 శాతం అంటే 30 డిగ్రీలు, 100 శాతం అంటే 45 డిగ్రీలు. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లోనే. మీ దారి అలాంటి వాలు మీదుగా పోతుందా అన్నదొక్కటే చూస్తే చాలదు. అలాంటి వాలు మీ నెత్తిన ఉందా అన్నదీ చూడండి. ఇంకో మాట: ఈ మ్యాప్‌లు నేలను కాస్త నున్నగా చేసి చూపిస్తాయి, అసలు వాలు అంతకంటే నిటారుగానే ఉంటుంది.

దిక్కు కూడా రాసుకోండి. తూర్పు వాలుకు పొద్దున్నే ఎండ తగిలి ఎనిమిది, తొమ్మిదింటికే మెత్తబడుతుంది. పడమటి వాలు మధ్యాహ్నం దాకా గట్టిగా ఉంటుంది. దక్షిణం వైపు తిరిగినవి సీజన్‌లో అన్నిటికంటే ముందు ఖాళీ అవుతాయి. ఉత్తరం వైపు వాలులో మంచు వారాల తరబడి ఎక్కువ నిలుస్తుంది, పొద్దున్నే గాజు గట్టిదనంతో జారుతుంది.

చివరి వారం: రాత్రి చలి లెక్క

పగలు ఎంత వేడి ఉందన్నది అందరూ చూస్తారు. మనకు కావలసింది రాత్రి. రాత్రి మంచు గడ్డకడితేనే పొద్దున వాలు మోస్తుంది, వాగు తగ్గుతుంది.

లెక్క సులువు. పైకి వెళ్లే ప్రతి 1,000 మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ రాత్రి కనిష్ఠం 10 డిగ్రీలు అనుకుందాం. అంటే సున్నా డిగ్రీల గీత దాదాపు 3,600 మీటర్ల దగ్గర ఉన్నట్టు, హంప్టా కనుమ మీద మైనస్ నాలుగు. మంచిది. అదే మనాలిలో కనిష్ఠం 15 అయితే ఆ గీత 4,350 మీటర్ల దాకా పోతుంది, అంటే కనుమ కన్నా పైకి. ఆ రాత్రి మంచు సరిగా గట్టిపడదు. విండీ యాప్‌లో ఫ్రీజింగ్ ఆల్టిట్యూడ్ అనే లేయర్ పెట్టుకుంటే ఇదే అంకె రోజంతా ఎలా మారుతుందో చూపిస్తుంది. నేను మాత్రం చేత్తో ఒకసారి లెక్కేసుకోమనే చెబుతాను. ఆ లెక్క చేతిలో ఉంటే, సిగ్నల్ లేని క్యాంపులో కూడా థర్మామీటర్ చూసి పైన ఎలా ఉంటుందో ఊహించగలరు.

దీనికి మబ్బు కలపాలి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి ఒకటి రెండు డిగ్రీలు ఉన్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి ఆ వేడి పోదు, గాలి సున్నాకి దగ్గరగా ఉన్నా మంచు మెత్తగానే మిగులుతుంది. మబ్బు, వేడి, పైగా వాన కలిసిన రాత్రి అన్నిటికన్నా చెడ్డది. మరునాడు తెల్లారేసరికి వాలు దిగబడుతుంది, వాగు తగ్గి ఉండదు. అలాంటి రాత్రి గడిచాక పొద్దున్నే దాటేద్దాం అన్న ప్లాన్‌కు ఆధారమే ఉండదు.

వాతావరణ శాఖ జిల్లాల వారీ హెచ్చరికలు రోజూ చూడండి. చంబా, కుల్లు, లాహౌల్-స్పితి, కిన్నౌర్, ఉత్తరకాశీ, చమోలి ఇలా మీ దారి ఏ జిల్లాల్లో పోతుందో ముందే రాసిపెట్టుకోండి. కనుమకు ఇవతల ఒక జిల్లా, అవతల ఇంకో జిల్లా ఉండొచ్చు. ఆరెంజ్ హెచ్చరిక ఉంటే కనుమ రోజును వాయిదా వేయాల్సిందే. చరియల హెచ్చరికలు రక్షణ శాఖకు చెందిన డీజీఆర్ఈ అనే పరిశోధన సంస్థ చండీగఢ్ నుంచి ఇస్తుంది. తుఫాను వెళ్లాక మొదటి ఎండ రోజు చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. చరియలు ఎక్కువగా జారేదీ ఆ రోజే.

జూన్‌లో ఏం మంచు అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక్క విషయం గుర్తు చేయాలి. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో ఎక్కువగా కర్ణాటక ట్రెక్కర్లే ఉన్న, స్థానిక గైడ్లతో కలిపి 22 మంది జట్టు మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మన ఊరి నుంచే, మనలాగే లీవు పెట్టుకుని వెళ్లిన మనుషులు.

ఫోన్‌లో ఏం అడగాలి

ట్రెక్ నడిపేవాళ్లకు ఫోన్ చేసి "మంచు ఉందా?" అంటే "బహుత్ హై సర్" అంటారు. "సేఫేనా?" అంటే "బిల్కుల్" అంటారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు, ప్రశ్నలోనే పట్టు లేదు. అంకె గానీ, గంట గానీ జవాబుగా వచ్చే ప్రశ్నలు వేయండి. ఆఫీసులో ఫోన్ ఎత్తే మనిషిని కాకుండా, ఆ వారం కనుమ దాటి వచ్చిన గైడ్‌తో మాట్లాడించమనండి. హిందీ తడబడినా ఫరవాలేదు, ఇవి అడగడానికి పెద్ద హిందీ అక్కర్లేదు.

పోయిన జట్టు కనుమ దాటింది ఏ రోజు? క్యాంపు నుంచి ఎన్ని గంటలకు బయల్దేరారు, పైకి ఎన్ని గంటలకు చేరారు? మంచులో కాలు ఎక్కడిదాకా దిగింది? తాడు కట్టాల్సి వచ్చిందా? వాగు దాటేటప్పుడు నీళ్లు మోకాలి కిందా, పైనా? అది పొద్దునా, సాయంత్రమా? స్నో బ్రిడ్జ్‌లు ఎన్ని నిలిచి ఉన్నాయి? సామాను మోసే కంచర గాడిదలు కనుమ దాటుతున్నాయా, లేక కిందే ఆపేసి మనుషులే మోస్తున్నారా?

చివరి ప్రశ్న చాలా చెబుతుంది. గాడిదలు దాటడం లేదంటే మంచు లోతుగా గానీ నిటారుగా గానీ ఉందన్నమాట. హిమాచల్‌లో గద్దీ గొర్రెల కాపరులు జూన్‌లో మందలతో కనుమలు దాటి లాహౌల్ వైపు పోతారు. ఈ ఏడు వాళ్లు దాటారా అని అడగండి. తరతరాలుగా ఆ వాలుల మీద బతుకుతున్నవాళ్లు ఇంకా ఇవతలే ఆగి ఉంటే, మనమూ ఆగడమే మేలు.

గంటల పట్టిక

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం మీద దారిలోని కష్టమైన చోట్లన్నీ వరుసగా రాయండి. ఒక్కోదానికి ఎదురుగా, అక్కడ ఏ గంటల్లో ఉండటం మంచిదో రాయండి.

మంచు వాలుకు మంచి సమయం గట్టి పొర కాస్త మెత్తబడటం మొదలైనప్పటి నుంచి అడుగు దిగబడేలోపు. తేట రాత్రి తర్వాత తూర్పు వాలైతే సుమారు ఏడు నుంచి పది, ఉత్తరం, పడమర అయితే ఇంకాస్త ఆలస్యంగా. స్పైక్స్, అంటే బూట్ల కింద తగిలించే ఇనప ముళ్లు, వేసుకుని నడవడం వచ్చినవాళ్లు ఇంకా ముందే వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. వాగుకు మంచి సమయం సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది. మంచుకు దగ్గరగా ఉన్న చిన్న వాగు మధ్యాహ్నం మూడు, అయిదు గంటల మధ్య బాగా పొంగుతుంది. కరిగిన నీళ్లు దూరం నుంచి రావాలి కాబట్టి లోయ కిందున్న పెద్ద ఏరు రాత్రికి గానీ పొంగదు. అలాంటి ఏరు తెల్లారుజామున ఇంకా నిండుగానే ఉండి, బాగా పొద్దెక్కాక తగ్గొచ్చు. అందుకే ప్రతి వాగు పక్కనా, దాని మంచు ఎంత దూరంలో ఉందో మ్యాప్ చూసి రాసుకోవాలి.

హంప్టానే తీసుకుందాం. బాలూ కా ఘేరా నుంచి కనుమకు నాలుగైదు గంటలు, అక్కడి నుంచి సియాగోరుకు నిటారు దిగుడు. పొద్దున అయిదింటికి బయల్దేరితే తొమ్మిది, పదింటికి కనుమ మీద ఉంటారు, పన్నెండులోపు దిగుడు అయిపోతుంది. టీ, టిఫిన్, ఫోటోలు అంటూ ఎనిమిదింటికి కదిలితే ఒంటిగంటకు పైన, మూడింటికి బురద లాంటి మంచులో నిటారు వాలు మధ్యలో ఉంటారు. సియాగోరు చేరాక ఎదురుగా ఏరు. మరునాడు పొద్దున్నే దాటి ఛత్రుకు పోవడం అక్కడి పద్ధతి. ఇవాళే దాటేస్తే రేపు చలి నీళ్లలో దిగే బాధ తప్పుతుందని జట్టులో ఒకరు కచ్చితంగా అంటారు. మధ్యాహ్నం మూడింటికి ఆ మాట వినొద్దు. ఆ రోజు మొత్తంలో ఏరు బలంగా ఉండే గంటలు అవే.

పట్టికలో రెండు చోట్లు ఒకే గంటను కోరుకుంటే, అంటే వాగు ఆరింటికి, నిటారు వాలు కూడా ఆరు, ఏడింటికే వస్తే, రెండిట్లో ఒకటి చెడు సమయంలో పడుతుంది. అప్పుడు క్యాంపు మార్చమని గైడ్‌ను ముందే అడగాలి. కొండ మీద చలిలో వాదించుకునే విషయం కాదిది.

మంచు మీద అడుగు పెట్టాక

బూటు మొనతో వాలును ఒక్క తన్ను తన్నండి. గీత కూడా పడకపోతే స్పైక్స్ లేనిదే అడుగు వేయొద్దు. జారితే ఎక్కడ ఆగుతామో ముందు కిందికి చూసుకోండి. కింద రాళ్లో ఏరో ఉంటే ఆగి ఎండ కోసం చూడటమే పని. మొన సగం దిగితే అదే మంచి మంచు. పైపొర తడిసిన పంచదారలా పలుకులు పలుకులుగా ఉంటుంది, మడమ దించితే నిలుస్తుంది. చీలమండ దాకా దిగుతుంటే ఇంకా ఫరవాలేదు, గానీ గడియారం చూసుకోండి. పిక్కల దాకా దిగుతుంటే నిటారు వాలులోంచి తొందరగా బయటపడాలి. పై నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే దొర్లుతూ కిందికి వస్తున్నాయంటే పైపొర కదలడానికి సిద్ధంగా ఉంది. అలాంటి వాలు కింద ఒక్క నిమిషం కూడా విశ్రాంతి తీసుకోకూడదు.

పెద్ద రాళ్ల చుట్టూ మంచు లోపలి నుంచి కరిగి బొరియలు పడతాయి. పైకి కనపడవు. రాయి పక్కనే నడిస్తే తొడ దాకా దిగి కాలు ఇరుక్కుంటుంది. రాళ్లకు ఒకటి రెండు మీటర్లు ఎడంగా నడవండి.

స్నో బ్రిడ్జ్ గురించి ఇంకాస్త చెప్పాలి. రూపిన్ దారిలో మే నెలలో ఇవి కనపడతాయి. కింద ఏరు పారుతూ ఉంటుంది, పైన మంచు కప్పు. నడిచేవాడికి మామూలు నేలలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్లి పక్క నుంచి వంగి చూడండి. మధ్యలో కుంగి ఉందా, నెరియలు ఉన్నాయా, తెలుపు పోయి తడిసిన బూడిద రంగు వచ్చిందా, కాళ్ల కింద నీళ్ల హోరు స్పష్టంగా వినపడుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కొద్దు. ఏదీ లేకపోతే పొద్దున్నే, ఒక్కొక్కరుగా, అంచులకు దూరంగా, కర్రతో ముందు పొడిచి చూస్తూ, బ్యాగు నడుము పట్టీ విప్పి దాటాలి. పొద్దున జట్టంతా దాటింది కదా అని మధ్యాహ్నం నమ్మకండి. దాని మీద నిలబడి ఫోటోలు దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

ఏటి గట్టున

క్యాంపు ఏటి పక్కనే ఉంటే, చేరగానే ఒక రాయిని సరిగ్గా నీటి అంచున పెట్టండి. మూడింటికి పెట్టిన రాయి ఆరింటికి మునిగిందా, ఎంత లోతుకు? పడుకునే ముందు టార్చితో ఒకసారి, తెల్లారుజామున ఒకసారి చూడండి. పొద్దునకు నీళ్లు రాయిని వదిలి వెనక్కి పోయాయంటే ఏరు మామూలు పద్ధతిలోనే ఉంది. రాయి ఇంకా మునిగే ఉందంటే రాత్రి పైన గడ్డకట్టలేదు, లేదా వాన పడింది. ఆ ఒక్క రాయి మీకు ఏ యాప్ కన్నా నిజం చెబుతుంది. రాయి పెట్టే వీలు లేకపోతే పెద్ద బండల మీద తడి గీత చూడండి. ఇప్పటి నీటి మట్టం కన్నా గీత జానెడు పైకి ఉంటే, కొద్ది గంటల క్రితం అంత నీరు పారిందన్నమాట.

తర్వాత వేగం. ఒక పుల్ల విసిరి దానితో పాటు గట్టున నడవండి. మామూలు నడకతో అందితే సరే. దాన్ని అందుకోవడానికి పరుగెత్తాల్సి వస్తే, నీళ్లు మోకాలి పైకి ఉంటే, దాటొద్దు. వేగం రెట్టింపయితే నీటి తోపు నాలుగింతలవుతుంది. గట్టు మీద నుంచి కంటికి ఇది తెలియదు. నీళ్లు మట్టి రంగులో ఉండి అడుగు కనపడకపోయినా, లోపల బండలు దొర్లుతున్న దడదడ శబ్దం వినపడినా లోతుతో పని లేదు, ఆగిపోవాలి. తేటగా ఉన్న ఏరు ఉన్నట్టుండి బురదగా మారినా, హఠాత్తుగా సన్నబడినా గట్టు వదిలి పైకి పోండి. పైన చరియ ఏటికి అడ్డం పడి ఉండొచ్చు, అది తెగితే ఒక్కసారిగా నీరు వస్తుంది.

పెద్ద నదుల్లో దీనికి తోడు డ్యాములున్నాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు దిగువన మండి జిల్లాలో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులను 24 మందిని ఈడ్చుకుపోయింది. వాన లేదు, ముందు నది సన్నగానే ఉంది. ట్రెక్‌కు పోతూ దారిలో ఏ నది దగ్గర బండి ఆపినా, ఎగువన డ్యామ్ ఉందా అని డ్రైవర్‌ను అడగకుండా నీళ్ల దగ్గరికి దిగకండి.

దాటేటప్పుడు

ఇరుకు చోటు దగ్గరగా కనిపిస్తుంది గానీ అక్కడ లోతూ వడీ రెండూ ఎక్కువే. ఏరు విడిపోయి పాయలు పాయలుగా, వెడల్పుగా పారే చోటు వెతకండి. దానికి అరగంట ఎగువకో దిగువకో నడవాల్సి వచ్చినా నడవండి. మలుపు బయటి వైపు లోతుగా కోసుకుని ఉంటుంది, అక్కడ వద్దు. దిగువన జలపాతం గానీ, అడ్డం పడ్డ చెట్లు గానీ ఉంటే ఎంత తక్కువ నీరున్నా ఆ చోటు పనికిరాదు.

బూట్లతోనో, వెనక పట్టీ ఉన్న చెప్పులతోనో దిగండి, వట్టి కాళ్లు వద్దు. ఆ చలికి నిమిషంలో పాదాలు తిమ్మిరెక్కి, రాయి తగిలి కోసినా తెలియదు. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయండి, పడితే బ్యాగు వదిలించుకునేలా ఉండాలి. ముఖం ఎగువకు పెట్టి, కర్రను ఎగువన ఆనించి, పక్కకు జరుగుతూ, ఒకసారి ఒక్కటే కదపండి, కర్ర గానీ కాలు గానీ. జట్టుగా అయితే బలమైన మనిషి ఎగువన నిలబడి, మిగతావాళ్లు అతని వెనక వరుసగా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, అందరూ కలిసి పక్కకు జరగాలి. గైడ్లు అడ్డంగా తాడు కడితే దానికి దిగువ వైపు నిలబడి పట్టుకోండి. తాడును ఎవరి నడుముకూ కట్టొద్దు. పడితే ఆ తాడే మనిషిని నీళ్ల కింద పట్టి ఉంచుతుంది.

పడిపోతే లేచి నిలబడే ప్రయత్నం చేయకూడదు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. బ్యాగు వదిలేసి, వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు చాచి, చేతులతో గట్టు వైపు తోసుకుంటూ పోవాలి.

బెంగళూరులో సాధన, సామాను

మంచు మనకు ఇక్కడ దొరకదు, మోకాళ్లు మాత్రం సిద్ధం చేసుకోవచ్చు. సావనదుర్గ, స్కందగిరి ఎక్కడం కన్నా దిగడం మీద దృష్టి పెట్టండి. పది కిలోల బ్యాగు వేసుకుని, రెండు కర్రలతో పక్కకు జరుగుతూ నడవడం ఇంటి మేడ మీద కూడా సాధన చేయొచ్చు. తడి సాక్స్, తడి బూట్లతో గంట నడిచి చూడండి, ఎక్కడ బొబ్బలు లేస్తాయో ముందే తెలుస్తుంది. వాగు దాటే సాధన పేరుతో కావేరిలో మేకెదాటు సంగమానికో ముత్తత్తికో పోకండి. సుడులకు, మునకలకు పేరుపడ్డ చోట్లవి.

మైక్రోస్పైక్స్, బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు తొడిగే గెయిటర్లు ట్రెక్ నడిపేవాళ్లే ఇస్తుంటారు. మీ బూటు సైజుకు సరిపడేవి ఉన్నాయా అని బయల్దేరే ముందే అడగండి. మంచు మీద ఎండకు కళ్లద్దాలు తప్పనిసరి. జీన్స్, కాటన్ వద్దు. అమెరికా నుంచి వచ్చే స్నేహితుల చేత ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు తెప్పించుకునేవాళ్లున్నారు. అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడటం నేరం, కేసులు పెట్టారు కూడా. దారి వివరాలు, గైడ్ నంబరు, ఏ రోజు ఏ క్యాంపు అన్నది ఇంట్లోవాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి. ఫలానా రోజు రాత్రికి ఫోన్ రాకపోతే ముందు గైడ్ ఆఫీసుకు, తర్వాత 112కు చేయమనండి.

లీవులో ఒక రోజు ఖాళీ

గంటల పట్టిక ఎంత బాగా వేసినా, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌కు కూర్చోవాలన్న టెన్షన్ ఉంటే అది పనిచేయదు. రాత్రి మబ్బు కమ్మితే ఒక రోజు ఆగాలి. ఆగడానికి రోజు ఉండాలి. కనుమ దాటే ట్రెక్‌కు కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు అదనంగా లీవు పెట్టండి. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి, నాలుగు వేలు ఎక్కువైనా సరే. ట్రెక్ నడిపేవాళ్ల దగ్గర ఆ అదనపు రోజుకు క్యాంపు, తిండి ఏర్పాటు ఉందో లేదో, దానికి ఎంత తీసుకుంటారో డబ్బు కట్టక ముందే తేల్చుకోండి.

వెనక్కి తిరిగే షరతులు కూడా బెంగళూరులోనే, జట్టంతా కూర్చుని, ఎవరికీ అలసట లేనప్పుడు రాసుకోవాలి. పన్నెండింటికి కనుమ చేరకపోతే తిరిగి వస్తాం. పొద్దున ఆరింటికి నీళ్లు మోకాలి పైకి ఉండి, పుల్ల మన నడకను మించితే దాటం. రాత్రంతా వాన పడితే కదలం. జట్టులో ఒక్కరు వద్దన్నా ఆగుతాం. ఈ నాలుగు వాక్యాలూ అందరి ఫోన్లలో ఉండాలి, గైడ్‌కు కూడా పంపాలి. మీరు తిరిగి వద్దామంటే తప్పుబట్టరని ముందే తెలిస్తే, ఆ మాట గైడ్ కూడా సంకోచం లేకుండా అనగలుగుతాడు.